బీచ్ గురించి రాశారు, రేవు గురించి రాయలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వేసవి ప్రయాణాల మీద ఒక పేజీ వచ్చింది. ఒంగోలు వాళ్లు పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే సముద్ర తీరాలన్నీ అందులో ఉన్నాయి. కొత్తపట్నం, పాకల, రామాపురం, వాడరేవు, నెల్లూరు వైపు మైపాడు. ఫొటోలు బాగున్నాయి. ఎక్కడ రిసార్టు ఉంది, ఎక్కడ కారు పెట్టుకోవచ్చు, పిల్లలు ఎక్కడ ఆడుకోవచ్చు అన్నీ రాశారు. చినగంజాం దగ్గర ఒకప్పటి ఓడరేవు మోటుపల్లికి మాత్రం రెండే వాక్యాలు దక్కాయి. ప్రశాంతమైన తీరం, పక్కనే పురాతన ఆలయం. అంతే.

చివర్లో పాఠకులకు ఒక సలహా కూడా ఇచ్చారు. మే నెలలో తెల్లవారుజామునే వెళితే, పడవలు ఒడ్డుకు రాగానే తాజా వంజరం చవగ్గా కొనుక్కోవచ్చట. ఇది రాసినాయన ఆ నెలలో ఏ పల్లెపాలెంలోనూ కాలు పెట్టలేదని అక్కడే తెలిసిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకు, ఇంజను బిగించిన పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిబంధన. ఆ రెండు నెలలకు మన రాష్ట్రంలో ఇచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలు చేశారు. తెడ్డు వేసుకుని వెళ్లే చిన్న తెప్పలకు నిషేధం లేదు కాబట్టి ఏవో నాలుగు చేపలు దొరకొచ్చు. కానీ మీ మాట నమ్మి ఐస్ బాక్సు కారులో పెట్టుకుని వెళ్లిన కుటుంబానికి కనపడేది ఒడ్డుకు లాగి పెట్టిన పడవలు, వాటి నీడన కూర్చుని వలలు బాగుచేసుకునే మనుషులు. వంజరం ఏదని అడిగితే, "పేపరోళ్లకు నిషేధం లేదేమో, వాళ్లనే అడగండి" అంటారు. ఆ మాత్రం వెటకారం మా వైపు అందరికీ వచ్చు.

ఇంతకీ నేను ఉత్తరం రాస్తున్నది చేపల గురించి కాదు. ఆ రెండు వాక్యాల గురించి.

నేను కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు దగ్గర, అంటే సుంకం కాగితాలు చూసి ఓడ సరుకును రేవు నుంచి విడిపించేవాళ్ల దగ్గర, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చెన్నైలో రాజాజీ శాలై మీద ఉన్న కస్టమ్ హౌస్ మెట్లు ఎక్కి దిగడంతో ఉద్యోగం మొదలైంది, కృష్ణపట్నంలో ముగిసింది. బిల్ ఆఫ్ ఎంట్రీ, షిప్పింగ్ బిల్లు, మానిఫెస్టు, డెమరేజి అనే మాటల మధ్యే జుట్టు తెల్లబడింది. ఓడలో వచ్చిన సరుకు టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, ఏ శీర్షిక కిందకు వస్తుంది, దాని మీద సుంకమెంత, తడిసిన దానికెంత తగ్గుతుంది, పోయిన దానికి ఎవరు జవాబు చెప్పాలి, ఇవే నా రోజూవారీ చదువు. అందుకే మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మంటపంలో ఉన్న స్తంభం నాకు మిగతా భక్తులకు కనపడినట్టు కనపడదు. నా లెక్కలో అది కస్టమ్స్ నోటిఫికేషన్. దాని మీద ఉన్న సంవత్సరం శకం 1166, అంటే క్రీస్తుశకం 1244-45. వేయించినవాడు కాకతీయ గణపతిదేవుడు.

ఉగాదికి ముందు ఒకరోజు నా మనవరాలిని తీసుకుని వెళ్లాను. ఆ పిల్ల ఒంగోల్లో బీకాం చదువుతోంది. వాళ్లకు సుంకాల మీద ఒక పాఠం ఉంది. పుస్తకంలో అన్నీ ఉన్నాయి గానీ ఓడ లేదు, సముద్రం లేదు, భయం లేదు. చూపిద్దామని బయల్దేరాం. కారు లేదు. ప్యాసింజరు రైల్లో కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు దాటి చినగంజాంలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. మీ పేజీలో రైలు సంగతే లేదు. కారు లేనివాళ్లు కూడా సముద్రం చూడాలనుకుంటారని మీకు గుర్తు చేస్తున్నాను.

దారిలో ఉప్పు మడులు. ఎండకు తెల్లగా మెరుస్తున్న రాశులు, కొన్నింటి మీద తాటాకు కప్పు. ఆటో ఆపించి చూపించాను. ఇదీ సుంకం కథే. ఉప్పు మీద పన్నుకు ఎదురు తిరిగి దేశమంతా కదిలిన 1930లో, ఒంగోలు పక్కన దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు శిబిరం పెట్టారు. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. అన్నట్టు, 2022 ఏప్రిల్ నుంచి చినగంజాం మండలం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద మోటుపల్లి ఇప్పుడు మాది కాదు. ఒంగోల్లో మా ఈడువాళ్లకు మాత్రం ఇంకా మాదే.

గుడికీ అలలకూ మధ్య ఇప్పుడు చాలా నేల ఉంది. పొలాలు, సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు. గుడి దగ్గర నిలబడితే ఇది రేవు అని ఎవరికీ తోచదు. సముద్రం వెనక్కి జరిగింది, రేవు ఇసుకలో కలిసింది, గుడి మిగిలింది. బీచికి వచ్చినవాళ్లు ఇటు రారు, గుడికి వచ్చినవాళ్లు అటు పోరు. మీ పేజీలో కూడా ఆ రెండూ ఒక కామాకు చెరోవైపు ఉండిపోయాయి. నిజానికి ఆ గుడి మంటపంలో శాసనం వేయించింది ఆ సముద్రం మీద వచ్చేవాళ్ల కోసమే.

శాసనం సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉంది. లిపి అప్పటి తెలుగు లిపి కాబట్టి మనకు ఒక్కో అక్షరం తడుముకోవాలి. మా వీధిలో ఉండే చరిత్ర మాస్టారు ఒకాయన చాలాకాలం కిందటే నాకు దాని అచ్చు ప్రతిని జెరాక్సు తీసి ఇచ్చారు. హుల్ట్‌ష్ అనే జర్మన్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల సంకలనం 12వ సంపుటంలో ఇంగ్లీషు అనువాదంతో సహా ప్రకటించాడు. ముందు భాగం కాకతీయుల వంశం పొగడ్త. ఆ శ్లోకాలు నేను దాటేస్తాను. మన నోటిఫికేషన్లలో కూడా మొదటి పేరా అంతా "ఫలానా చట్టం ఫలానా సెక్షన్ ద్వారా సంక్రమించిన అధికారాలను పురస్కరించుకుని" అని ఉంటుంది, పనిచేసేవాడెవడూ అది చదవడు.

అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. నా మాటల్లో చెప్తాను. అన్ని దీవుల నుంచి, దేశాల నుంచి, పట్టణాల నుంచి సముద్రం మీద వచ్చిపోయే వ్యాపారులకు గణపతిదేవుడు ఇచ్చిన అభయం ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. మేం అలా చెయ్యం. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్ర ప్రయాణమనే సాహసానికి దిగిన వీళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతి మీదైనా దిగుమతి మీదైనా ముప్పైలో ఒక వంతు.

చదివిన ప్రతిసారీ నాకు నచ్చేది "పూర్వపు రాజులు లాక్కునేవాళ్లు" అన్న ముక్క. మామూలుగా శాసనాల్లో రాజు దానం ఇచ్చాడు, చెరువు తవ్వించాడు, శత్రువు తల నరికాడు అని ఉంటుంది. ఇక్కడ, ఈ రేవుల్లో ఇంతకాలం జరిగింది దోపిడీ అని రాజముద్ర కిందే ఒప్పుకున్నారు. నా ఉద్యోగంలో ఎన్నో సర్క్యులర్లు చూశాను. నిన్నటిదాకా మేం చేసింది తప్పు అని మొదలైన సర్క్యులర్ ఒక్కటీ నా చేతికి రాలేదు.

ఇంకోటి, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకున్నవాళ్లు అన్న మాట. రాజుగారు దయ చూపిస్తూనే చిన్న చురక అంటించారా అని నా అనుమానం. వ్యాపారి సంగతి బాగా తెలిసినవాడే ఆ వాక్యం రాయించి ఉంటాడు. అలాంటివాడికి దయ ఒక్కటీ చాలదు, రేటు చెప్పాలి. చెప్పాడు. ముప్పైలో ఒకటి అంటే నూటికి మూడూ ముప్పై మూడు పైసలు. నేను పనిలో చేరిన రోజుల్లో కొన్ని దిగుమతి సరుకుల మీద సుంకం నూటికి నూరు దాటి ఉండేది, మా దిగుమతిదారులు బిల్లు చూసి మంచినీళ్లు అడిగేవాళ్లు.

అక్కడితో ఆగలేదు. మొత్తం మీద రేటు చెప్పాక ఒక్కో సరుకుకూ విడిగా లెక్క చెక్కించారు. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు. పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తుత్తునాగం (జింకు), సీసం, పట్టునూలు, పగడాలు, సుగంధ ద్రవ్యాలు. మిరియాలు. పట్టుబట్టలు. పోకలు. కొన్నిటికి విలువ మీద సుంకం, గంధానికి తూకం మీద, పట్టుబట్టలకు కట్ట లెక్కన, పోకచెక్కలకు లక్ష లెక్కన. ఇప్పటికీ కస్టమ్స్‌లో ఇదే పద్ధతి. విలువ మీద వేసేది వేరు, కొలత మీద వేసేది వేరు. విలువ దగ్గర తగాదా వస్తుంది, వ్యాపారి తక్కువ చెప్తాడు, అధికారి ఎక్కువ వేస్తాడు. పోకచెక్కలు లక్ష అంటే లక్షే, తగాదా లేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ రేవులో కూర్చున్న సుంకరి ఎవరో ఆ తగాదాలన్నీ పడి, విసిగి, పైకి రాసి పంపితేనే ఇలాంటి పట్టిక తయారవుతుంది. ఆ గుమాస్తా పేరు స్తంభం మీద ఉండదు. మా జాతి వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఓడ పగిలిన సరుకు సంగతి ఈ కాలంలో ఏమైందని మనవరాలు అడిగింది. 1962 కస్టమ్స్ చట్టంలో 21వ సెక్షన్ చెప్పాను. సముద్రంలో వదిలేసిన సరుకు, తేలి వచ్చిన సరుకు, పగిలిన ఓడ నుంచి కొట్టుకొచ్చిన సరుకు, ఏదైనా సరే దిగుమతి అయినట్టే లెక్క, మామూలు నిబంధనలే దానికీ. సరుకు పాడైతే సుంకం తగ్గించడానికి 22, పూర్తిగా పోయిందని రుజువైతే మాఫీకి 23. ఒకసారి తుఫానులో ఉప్పునీళ్లు దూరిన కంటెయినరు తెరిపించాం. లోపల యంత్రాల విడిభాగాలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. సర్వేయరు వచ్చి, ఫొటోలు తీసి, ఎంత పాడైందో తేల్చి, 22వ సెక్షన్ కింద తగ్గింపు వచ్చేసరికి దిగుమతి చేసుకున్నాయనకు సగం ప్రాణం పోయింది. అయినా వచ్చింది. ఎవరూ సరుకు లాక్కోలేదు. ఆ రోజు నాకు మోటుపల్లి గుర్తుకొచ్చింది.

"రాజు మాట తప్పితే ఆ వ్యాపారి ఎవరికి చెప్పుకుంటాడు తాతయ్యా?" అంది ఆ పిల్ల. మంచి ప్రశ్న. మాకైతే కమిషనర్ అప్పీల్స్ ఉన్నారు, ట్రిబ్యునల్ ఉంది. ఆ వ్యాపారికి ఏమీ లేదు. మళ్లీ ఏడాది ఆ రేవుకు రాడు, ఇంకో రేవుకు పోతాడు, పోయిన చోటల్లా చెప్తాడు. రాజుకు ఏనుగులు కావాలి, గుర్రాలు కావాలి, రెండూ ఓడల మీద వస్తాయి. కాబట్టి మాట నిలబెట్టుకోవడం రాజుకూ అవసరమే. దయ, కీర్తి, ధర్మం అన్నీ నిజమే కావచ్చు, గుర్రాలూ నిజమే.

అభయం పనిచేసిందనడానికి సాక్షి ఒకాయన ఉన్నాడు. 13వ శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి చెప్పిన మార్కో పోలో. మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. ఆమె చనిపోయిన రాజు భార్య అని రాశాడు, అది తప్పు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. వజ్రాలు దొరికే లోయలో మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయని, గద్దలు ఆ ముక్కల్ని పైకి తెస్తాయని కూడా చెప్పాడు. ఇలాంటివి రేవుల్లో ఖాళీగా ఉన్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పే కథలు, ఇప్పుడూ చెప్తారు. నాకు నమ్మబుద్ధయ్యేది బట్టల గురించి అన్న మాట. ఇక్కడ నేసే సన్నబట్ట సాలెగూడులా ఉంటుందని, ఏ రాజైనా రాణి అయినా కట్టుకోవడానికి ఇష్టపడతారని. చీరాల, వేటపాలెం మగ్గాలు పక్కనే ఉన్నాయి మరి.

కాకతీయుల రాజ్యం 1323లో పోయింది. ఆ తర్వాత 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. దాని సారం కూడా అభయమే. ఇక్కడికి వచ్చి ఉండదలచిన వ్యాపారులకు చోటిస్తాం, వెళ్లిపోతామంటే ఆపం, కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజుకు చెందాలనే పద్ధతి పెట్టం. అంటే మధ్యలో జనం చెదిరిపోయారని, వాళ్లను మళ్లీ రప్పించాలని రాజు తాపత్రయపడ్డాడని నాకు అర్థమైంది. రేవు నడవాలంటే లోతైన నీళ్లు ఒక్కటే చాలవు.

ఈ మొత్తం తీరమే అలాంటిది. నెల్లూరు వైపు కోట మండలంలో ఒక కొత్తపట్నం ఉంది, మా ఒంగోలు కొత్తపట్నం కాదు. అక్కడి తవ్వకాల్లో చీనా పింగాణీ పెంకులు దొరికాయి. నేను ఉద్యోగం చేసిన కృష్ణపట్నానికి పాత పేరు కొల్లితురై. ఇప్పుడక్కడ బొగ్గు ఓడలు ఆగే చోట కాకతీయుల కాలంలోనే రేవు ఉండేది. ఇవేవీ తెలియకుండా ఆ ఇసుక మీద నడిచి వస్తే నష్టమేమీ లేదు. తెలిస్తే నడక వేరుగా ఉంటుందని నా ఉద్దేశం.

ఇక తీరం. మా ఆటో అబ్బాయి సరుగుడు తోటల మధ్య దారిన ఒడ్డుకు తీసుకెళ్లాడు. మోటుపల్లి పక్కన ఉన్నవి చేపలు పట్టుకుని బతికే పాలేలు. ఆ మండలంలోనే రుద్రమాంబపురం అనే పల్లె ఉంది, పేరు చూడండి. మేం వెళ్లేసరికి అలివి వల లాగుతున్నారు. తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంటుంది, పడవ వలను సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టు తిప్పి రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తుంది, అప్పుడు రెండు గుంపులు రెండు వైపుల నుంచీ లాగుతూ దగ్గరికొస్తాయి. గంటల పని. కాళ్లకు చెప్పులుండవు, ఉంటే ఇసుకలో పట్టు దొరకదు.

ఒడ్డుకు కారుల్లో వచ్చిన కుర్రాళ్లు ఆ తాడు మీద ఎక్కి నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. అటు పక్క టార్పాలిన్ల మీద నెత్తళ్లు ఎండబోశారు. ఒకడు ఫోను చూసుకుంటూ బూట్లతో వాటి మీదుగా నడిచాడు. అక్కడున్నామె ఊరుకుంటుందా, వాడి ఏడు తరాలనూ పలకరించింది. న్యాయమే. వాడి ఇంట్లో వడియాల మీద ఎవరైనా అలా నడిస్తే వాళ్లమ్మ అంతకంటే ఎక్కువే అనేది. నాకు అంతకంటే కోపం తెప్పించింది ఇసుకలో పగిలిన బీరు సీసాలు. వట్టి కాళ్లతో వల లాగేవాళ్ల దారిలో గాజు ముక్కలు. మీ పేజీలో ప్రశాంతమైన తీరం అని రాసిన చోట, ఇది కొందరు పనిచేసుకునే చోటు అని ఒక్క ముక్క చేర్చి ఉంటే బాగుండేది. తాడు దాటేముందు అడగండి, ఎండబోసిన చేపల చుట్టూ తిరిగి వెళ్లండి, సీసాలు వెనక్కి తీసుకుపోండి, నీళ్లలో దిగవద్దని పాలెం వాళ్లు అంటే దిగకండి. సముద్రం మనిషిని లోపలికి లాగే చోట్లు వాళ్లకే తెలుసు.

వల లాగడం అయ్యాక నా ఈడు మనిషి ఒకాయన బీడీ ముట్టించి పక్కన కూర్చున్నాడు. ఒంగోలు నుంచి స్తంభం చూడ్డానికి వచ్చామంటే నవ్వాడు. "స్తంబం చూడ్డానికా? మా సముద్రం బాలేదా?" అన్నాడు. రెండూ ఒకటేనని చెప్పి శాసనంలో ఉన్న సంగతి, పగిలిన ఓడలో సరుకు ఓడవాడిదే అన్న సంగతి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"అదేముంది అన్నా, ఇప్పుడూ అంతేగా. మిచౌంగ్ తుఫానప్పుడు పైపాలెం పడవ ఒకటి ఇటు కొట్టుకొచ్చింది. ఇంజను ఉంది, వల ఉంది. మనోళ్లు నలుగురు కలిసి పైకి లాగి తాటిచెట్టుకు కట్టేసి, ఫోను చేశారు. ఆళ్లొచ్చి తీసుకుపోయారు."

"ఊరికేనా?" అన్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఊరికే ఎందుకు, లాగినోళ్లకు కూలి ఇచ్చారు, టీలు తాగించారు. అంతకుమించి తీసుకుంటే రేపు మన పడవ అటు పోతే?"

మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో ఎవరి పడవ ఎక్కడ తేలిందో లెక్కలేదు. శాసనం ఆ మనిషి చదవలేదు, చదవాల్సిన అవసరమూ ఆయనకు లేదు. నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది ఓడవాడిదే అన్నదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మనవరాలు అది నోట్సులో రాసుకుంది. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారో లేదో తెలియదు.

ఇప్పుడు నా కోరిక. గుడి దగ్గర ఆ శాసనంలో ఏముందో మామూలు తెలుగులో చెప్పే పలక నేను వెళ్లిన రోజు నా కంటికి కనపడలేదు. పెట్టించాల్సినవాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను, మీ ద్వారా వాళ్లను తిట్టించడం నా ఉద్దేశం కాదు. మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రభుత్వ నోటిఫికేషన్లు, టెండర్లు, వేలం ప్రకటనలు మీరు రోజూ అచ్చు వేస్తారు. వాటికి కేటాయించే చోటులో అరపేజీ ఒకరోజు గణపతిదేవుడికి ఇవ్వండి. శాసనం మొత్తం, వంశం పొగడ్త తీసేసి, సరుకుల పట్టిక, ఒక్కోదాని సుంకంతో సహా, ఇప్పటి తెలుగులో, ఇప్పటి ప్రకటన అచ్చయ్యే పద్ధతిలోనే పెట్టెకట్టి వేయండి. పక్కన 1358 నాటి అనపోతారెడ్డి శాసనం. అప్పటి తెలుగు తెలిసిన శాసన పరిశోధకుల చేత చూపించండి, నాలాంటి గుమాస్తా మాటల మీద ఆధారపడవద్దు. నాణేలు, తూకాలు ఇప్పటివాటితో పోల్చడం కష్టం, వాటి జోలికి పోకుండా ఉన్నదున్నట్టు ఇస్తే చాలు. ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్లేవాళ్లు మీ పాఠకుల్లో తప్పకుండా ఉంటారు. మా మనవరాలి కాలేజీలోనే నలుగురు ఉన్నారు.

ప్రయాణాల పేజీ మళ్లీ వేసేటప్పుడు చినగంజాం స్టేషను పేరు, గుడికీ తీరానికీ మధ్య దారి, నిషేధం ఉండే తేదీలు వేయండి. ఒకరోజులో ఇంకా సమయం మిగిలితే వేటపాలెంలో దిగి సారస్వత నికేతనం చూసి రావచ్చని కూడా చెప్పండి. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, పాత పత్రికల కోసం దూరాల నుంచి పరిశోధకులు వస్తారు. మీ పత్రిక పాత సంచికలు అక్కడ ఉన్నాయో లేదో మీరే వెళ్లి చూసుకోవచ్చు.

ఉత్తరం పెద్దదైంది. మీ కాలమ్‌లో ఇంత చోటు ఉండదని తెలుసు. కుదించేటట్టయితే నా ఉద్యోగం సంగతి, మార్కో పోలో సంగతి తీసేయండి. చేపల నిషేధం తేదీలు, ముప్పైలో ఒక వంతు, ఆ పడవ కట్టేసి ఫోను చేసిన ముచ్చట మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
లాయర్‌పేట, ఒంగోలు.